మిల్కో రాసిన సున్నా

రెపెన్ ఊళ్ళో మిల్కో స్కబార్ అంటే పొందికకు మారుపేరు. ఆయన ఇంటి వెనక కట్టెల పేర్పు చూస్తే ఎవరో దారం పట్టి కొలిచి పేర్చారనుకోవాలి. బోరా గాలి విరుచుకుపడిన మర్నాడు కార్స్ట్ కొండ మీద ఉన్న ఊళ్ళన్నీ తమ పెంకుల్ని పొలాల్లో వెతుక్కుంటుంటే, మిల్కో మాత్రం వాకిట్లో నిలబడి కాఫీ తాగుతుంటాడు. పెంకుల మీద బరువు రాళ్ళు పెట్టడంలో కూడా ఆయనకు వరస తప్పదు.

ఆ చేతి పనితనమే ఆయనకు ఉద్యోగం ఇచ్చింది. కొండ మీది ప్రయోగశాలలో ఇరవయ్యారేళ్ళుగా తీగలు, కేబుళ్ళు, చిన్నచిన్న పెట్టెల పని ఆయనదే. చదువు చూస్తే సాంకేతిక పాఠశాల దాటలేదు. అయినా అక్కడి డాక్టరేట్లన్నీ ఆయన కట్టిన తీగల మీదే నడిచేవి. ఆ సంగతి ఆయనకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు.

అక్కడ వాళ్ళు వెతికేది జంటల్ని. శుభ్రమైన లోహం ముక్క మీద వెలుగు పడితే దాని ఉపరితలం నుంచి ఎలక్ట్రాన్లు లేస్తాయి. విడివిడిగా లేచేవి కోట్లకు కోట్లు, వాటితో వీళ్ళకు పనిలేదు. ఎప్పుడో అరుదుగా ఒకే దెబ్బకు రెండు కలిసి బయటికొస్తాయి. లోహం లోపల ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి ఎలా పట్టించుకుంటాయో చెప్పగలిగేది ఆ జంటే. అందుకని రెండు డిటెక్టర్లు పెట్టి, రెండూ ఒకే క్షణంలో 'వచ్చింది' అంటేనే లెక్కలోకి తీసుకుంటారు. ఒక్కటే అంటే ఎంత గట్టిగా అన్నా వినరు.

ఆ రెండు డిటెక్టర్లకు ముసలాడు, ముసలమ్మ అని పేర్లు పెట్టింది కూడా మిల్కోనే. చెవిటి పరీక్ష అనే మాట కూడా ఆయనదే. ముసలాడి కరెంటు కట్టేసి చెవిటివాణ్ణి చేస్తారు. ముసలమ్మ మీద మాత్రం ఎలక్ట్రాన్లు పడనిస్తారు. గంటసేపట్లో ముసలాడి లెక్క సున్నా ఉండాలి. సున్నా కాకపోతే చెవిటి మొగుడు వినకుండానే పెళ్ళాన్ని చూసి తలూపుతున్నాడని అర్థం. అంటే ఆవిడ తీగలోంచి ఈయన తీగలోకి సంకేతం కారిపోతోందన్నమాట. అలాంటప్పుడు రెండూ ఎప్పుడూ ఒకే క్షణంలో 'వచ్చింది' అంటాయి, ఎక్కడ చూసినా జంటలే కనబడతాయి, అన్నీ దొంగ జంటలే. అందుకని తీగలు కదిపిన ప్రతిసారీ మిల్కో ఆ పరీక్ష చేసి, పుస్తకంలో సున్నా వేసి, పక్కన సంతకం పెట్టేవాడు. ఇరవయ్యారేళ్ళలో ఒక్కసారి కూడా సున్నా తప్ప ఇంకో అంకె వెయ్యాల్సిన అవసరం రాలేదు.

ఓర్సోలా పెంజో అక్కడికి వచ్చి అప్పటికి రెండేళ్ళు. కియోజ్జాలో ఆల్చిప్పలు పట్టే ఇంటి పిల్ల, ఇంట్లో మొట్టమొదట డాక్టరేటు తెచ్చుకున్నది. గోరంత రాగి స్ఫటికాన్ని శుభ్రం చేసి, దాని మీంచి జంటల్ని పట్టుకోవడం ఆమె పని. వాళ్ళ ఊరి అలవాటు ప్రకారం మిల్కోను బాబాయ్ అని పిలిచేది. పిల్లల్లేని మిల్కోకు ఆ పిలుపు బాగానే ఉండేది.

నవంబరు పదకొండు, మార్టిన్ పండుగ, ఊరంతా కొత్త వైను తాగే రోజు. పొద్దున్నుంచీ మిల్కో కొత్త కేబుళ్ళు లాగి, ముసలాడివీ ముసలమ్మవీ పక్కపక్కన చేర్చి, జానెడుకో కట్టు చొప్పున జడ వేసినట్టు కట్టాడు. ఓర్సోలా చూసి ముచ్చటపడింది కూడా. ఇక చెవిటి పరీక్షే మిగిలింది. నాలుగింటికి మొదలుపెడదామని కూర్చునేసరికి బావమరిది ఇవ్కో ఇంటి నుంచి భార్య దారింకా ఫోను.

"ఏమయ్యా, ఇంకా ఆ పెట్టెల దగ్గరే ఉన్నావా? తమ్ముడు నాలుగుదార్ల దగ్గర కొమ్మ కట్టేశాడు. ఇక్కడ ముప్ఫైమంది గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు. హామ్ కోసే దిక్కు లేదు!"

"ఇవ్కో ఉన్నాడుగా."

"వాడు కోస్తే అవి ముక్కలా? చెప్పుల అట్టలు! జనం నవ్విపోతున్నారు. నువ్వు రా."

"ఒక్క గంట పనుందే."

"ఆ గంట రేపు చేసుకో. నీ ఎలక్ట్రాన్లు ఎక్కడికీ పోవు, తాగడానికొచ్చినవాళ్ళు పోతారు."

వైను ఉందని గుర్తుగా కొమ్మ కట్టి ఉన్న నాలుగు రోజులే ఇవ్కో తన వైను తన ఇంట్లో అమ్ముకునేది. హామ్‌ను, ఆ ఉప్పు పెట్టి ఎండేసిన పందితొడను, కాగితంలా పల్చగా కోసేది ఆ చుట్టుపక్కల మిల్కో ఒక్కడే. మిల్కో పుస్తకం ముందుకు లాక్కున్నాడు. 'చెవిటి పరీక్ష, ఒక గంట: 0' అని రాసి సంతకం పెట్టాడు. రేపు పొద్దున్నే చేసేద్దాం, ఎలాగూ వచ్చేది సున్నాయేగా అనుకున్నాడు. అక్కడికి తానేదో అబద్ధం రాశానని ఆయనకు అనిపించనేలేదు. తెల్లారేసరికి ఓర్సోలా ముందే వచ్చి లెక్క మొదలుపెట్టేసింది. ఆపమంటే ఎందుకని అడుగుతుంది. అడిగితే చెప్పాలి. మిల్కో ఆపలేదు.

మూడో రోజుకే జంటలు దొరికిన గుర్తుగా గ్రాఫ్ మధ్యలో శిఖరం లేచింది. మామూలుగా అయితే మూడు వారాలు పట్టాలి. ప్రొఫెసర్ వాస్కొత్తో వచ్చి కళ్ళజోడు పైకెత్తి చూసి, "ఏమోయ్ మిల్కో, ఏం మంత్రం వేశావు తీగలకి?" అన్నాడు. వాస్కొత్తో నోటి నుంచి అంతకంటే పెద్ద మెప్పు ఎవరూ విని ఎరగరు. ఆ వారమంతా మిల్కో ఈల వేస్తూనే పనిచేశాడు.

ఫిబ్రవరిలో వ్యాసం అచ్చయింది. చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది, కేబుళ్ళ పనిలో చూపిన శ్రద్ధకు మి. స్కబార్‌కు కృతజ్ఞతలని. మిల్కో పేరు అచ్చులో రావడం అదే మొదలు. దారింకా ఆ పేజీకి పటం కట్టించి, తమ పెళ్ళి ఫొటో పక్కన గోడకు తగిలించింది. వచ్చిన ప్రతివాళ్ళనూ దాని ముందు నిలబెట్టి, "చదవండి, అదిగో, కింద" అనేది. మిల్కో వద్దంటూనే మురిసిపోయేవాడు.

మార్చి మొదట్లో కొత్త లెక్కకు ముందు మిల్కో ఒక్కడే కూర్చుని చెవిటి పరీక్ష పెట్టాడు. మిగతావాళ్ళు భోజనానికి వెళ్ళారు. ముసలాడి కరెంటు కట్టేశాడు. ముసలాడి లెక్క మాత్రం ఆగలేదు. ఒకటి, నాలుగు, తొమ్మిది. కరెంటు నిజంగా కట్టేశాడో లేదో మూడుసార్లు చూసుకున్నాడు. గంట అయ్యేసరికి రెండొందల పన్నెండు.

ఎక్కడ కారుతోందో వెతకక్కర్లేకపోయింది. తన జడే. పక్కపక్కన అంత బిగించి కట్టబట్టే ఒకదాని మాట ఇంకోదానికి వినిపిస్తోంది. కట్లన్నీ కోసి, కేబుళ్ళు విడదీసి, ముసలాడివి ఒక గోడవారగా, ముసలమ్మవి ఇంకో గోడవారగా లాగి మళ్ళీ పరీక్ష పెట్టాడు. ఈసారి సున్నా. పుస్తకంలో ఆ సున్నా రాశాడు. రెండొందల పన్నెండు రాయలేదు.

రాసి ఉంటే అక్కడితో పోయేది. కాస్త అవమానం, వాస్కొత్తో నుంచి నాలుగు తిట్లు, అంతే. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం ఇదే. కానీ గోడ మీది పటం కళ్ళముందు కదిలింది, ఈల వేసిన వారం గుర్తొచ్చింది. ఎక్కువగా భయపెట్టింది మాత్రం ఆ పిల్ల మొహం. బాబాయ్ అన్న నోటితో ఆమె ఏమంటుందో వినే ధైర్యం ఆయనకు లేకపోయింది.

"కేబుళ్ళు మార్చావేంటి బాబాయ్?" అని ఓర్సోలా అడగనే అడిగింది.

"కొత్త పంపు పెట్టాంగా, దారికి అడ్డం."

ఆమె నమ్మేసింది. మిల్కో చెప్పాక ఎవరైనా నమ్మాల్సిందే.

కొత్త లెక్కలో శిఖరం లేవలేదు. వారమైనా లేవలేదు, మూడు వారాలైనా లేవలేదు. నిజమైన జంటలు అంత అరుదని, అంత ఓపిక కావాలని వాళ్ళకు తెలియనిది కాదు. కానీ నవంబరులో మూడు రోజుల్లో వచ్చిందాయె. తేడా ఎక్కడుంది? తీగల్లో ఉండే ప్రశ్నే లేదు, అక్కడ మిల్కో సున్నా ఉంది. మిగిలింది రాగి ముక్క. దాన్ని శుభ్రం చేసే చేతులు ఓర్సోలావి.

నాలుగు నెలలు ఆ పిల్ల ఆ గోరంత ముక్కను ఆర్గాన్ వాయువుతో గీకింది, ఎర్రగా కాల్చింది, మళ్ళీ గీకింది. చిక్కిపోయింది. సరిగా తినడం మానేసింది. ఒకరోజు తన అరచేతులు తిప్పి చూసుకుంటూ, "మా నాన్న అననే అన్నాడు బాబాయ్, ఇవి ఆల్చిప్పలు ఒలిచే చేతులే, సూది పనికి రావని. నేనే వినలేదు" అంది. మిల్కో స్క్రూడ్రైవరు కింద పడేసుకుని దాన్ని వెతికే వంకతో బల్లకిందికి దూరాడు. తేలు కుట్టిన దొంగ అరవలేడు కదా. ఆ రోజు బల్లకింద ఆయన కాసేపు అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయాడు. సిగ్గుతో చచ్చిపోవడం అనే మాట ఊరికే పుట్టలేదని అప్పుడు తెలిసింది.

జూన్‌లో వాస్కొత్తో పుస్తకం చదివించాడు. ఆ ప్రయోగశాలలో అదొక ఆచారం. వచ్చిన ఫలితం మళ్ళీ రాకపోతే అందరూ బల్లచుట్టూ కూర్చుంటారు. పుస్తకం చేతులు మారుతుంది. ఎవరు రాసిన వరస వాళ్ళు లేచి నిలబడి పైకి చదవాలి, చదివి 'నాదే' అనాలి. ఓర్సోలా తన వరసలన్నీ చదివింది. ప్రతి వరసకూ 'నాదే' అంది. గొంతు రానురాను సన్నబడిపోయింది. నవంబరు పదకొండు వచ్చింది. పుస్తకం మిల్కో చేతికి ఇవ్వబోయింది.

వాస్కొత్తో చెయ్యి అడ్డంపెట్టాడు. "ఆయన్నెందుకమ్మా నిలబెట్టడం. మిల్కో సున్నా అది. సూర్యుడు తూర్పున పొడిచాడని కూడా లేచి చదవమంటావా?"

అందరూ నవ్వారు. పుస్తకం పక్కకు పోయింది. మిల్కో సగం లేచినవాడల్లా కూర్చున్నాడు. నోరు తెరిస్తే చాలు, తెరవలేదు. అంతవరకు ఆయన రాసి అబద్ధమాడాడు. ఆ రోజు కూర్చుని కూడా అబద్ధమాడాడు.

జూలై చివరికి ఓర్సోలా గడువు అయిపోతుంది. వెళ్ళిపోయే పిల్లకు ఒకపూట అన్నం పెట్టాలని దారింకా పట్టుబట్టి ఆదివారం మధ్యాహ్నం ఇంటికి పిలిచింది. చిక్కుళ్ళూ పులియబెట్టిన క్యాబేజీ వేసి యోతా వండింది, అది చలికాలపు వంటే అయినా ఆ పిల్లకు ఇష్టమని. ఇవ్కో ఇంటి తెరానో వైను తెచ్చింది. తినేముందు, అలవాటు ప్రకారం, పటం దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

"చూశావా అమ్మాయ్, మీ బాబాయి పేరు. మా వంశంలో అచ్చుకెక్కిన మొదటి పేరు ఇదే."

ఓర్సోలా చాలాసేపు చూసింది. "ఉంచండి పిన్నీ. ఆ పేజీలో నిజం ఆ ఒక్క వాక్యమే" అంది. సంచీలోంచి మడతపెట్టిన కాగితం తీసి మిల్కోకు ఇచ్చింది. "రేపు పంపించేస్తున్నా బాబాయ్. వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని. ఒకసారి చూడు, నీకేమీ మాట రాకుండానే రాశా."

మిల్కో చదివాడు. ఉపరితలాన్ని శుభ్రం చేయడంలో ఓ. పెంజో వల్ల జరిగిన పొరపాటు కారణంగా ఫలితం తప్పని ఉంది. కేబుళ్ళ పనికి దీనితో ఏ సంబంధమూ లేదని కూడా ఉంది.

"తరవాత ఏం చేస్తావమ్మా?" అంది దారింకా.

"బడిలో పాఠాలు చెప్పుకుంటా పిన్నీ. పిల్లలకి నా చేతుల్తో పనుండదుగా."

మిల్కో కాగితాన్ని బల్ల మీద పెట్టాడు. "అది పంపకు" అన్నాడు.

"ఎందుకు బాబాయ్?"

"నవంబరులో ఆ పరీక్ష నేను చెయ్యలేదు."

"ఏ పరీక్ష?"

"చెవిటి పరీక్ష. చెయ్యకుండానే సున్నా రాశా. మార్చిలో చేస్తే రెండొందల పన్నెండు వచ్చింది. నా జడలోనే కారుతోంది. అప్పుడు విడదీశా. పంపుకి అడ్డమని నీతో చెప్పింది అబద్ధం. నీ శిఖరం నేను కట్టిన తీగల్లోంచి లేచింది. నీ చేతుల్లో ఏ తప్పూ లేదు."

ముందు నోరు తెరిచింది దారింకా. "మార్టిన్ పండగ రోజా? హామ్ కొయ్యడానికి నేను పిలిచిన రోజా? అయ్యో, నేనే కదయ్యా..."

"నువ్వు పిలిచావు. సున్నా నేను రాశాను."

ఓర్సోలా కాగితం తన వైపు లాక్కుంది. "మార్చి నుంచి తెలుసు నీకు" అంది మెల్లగా. "పుస్తకం చదివిన రోజు కూడా తెలుసు. నేను నా చేతుల్ని తిట్టుకుంటుంటే బల్లకింద దూరి స్క్రూడ్రైవరు వెతికావు. నాలుగు నెలలు బాబాయ్! ఒక్క మాట, ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"సిగ్గేసిందమ్మా."

"మరి నాకు? నాకెంత సిగ్గేసిందో తెలుసా? నీ సిగ్గు కూడా నేనే మోశాను."

ఆమె కాగితం తీసుకుని లేచింది. యోతా గిన్నె ముట్టుకోలేదు. వీధి తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "రేపు పొద్దున తొమ్మిదింటికి పుస్తకం తెరుస్తాను మిల్కో గారూ. మీ వరసలు మీరే చదవాలి" అంది. బాబాయ్ పోయి గారు వచ్చింది. తల కొట్టేసినట్టయింది మిల్కోకు. దారింకా కుర్చీ వేసుకుని ఎక్కి పటం దించింది. గోడ మీద తెల్లటి నలుచదరం మిగిలింది.

సోమవారం తొమ్మిదింటికి మిల్కో నిలబడి చదివాడు. నవంబరు పదకొండు సున్నా నాదే, చెయ్యకుండా రాశాను. మార్చి నాలుగు రెండొందల పన్నెండు నాదే, రాయకుండా దాచాను. చివరిదాకా చదివాడు. వాస్కొత్తో తిడతాడనుకున్నాడు, తిడితే బాగుండుననుకున్నాడు. వాస్కొత్తో తిట్టలేదు. పుస్తకం తన వైపు లాక్కుని, స్కేలు పెట్టి, సంతకాల గడి పక్కన ఇంకో గడి గీశాడు.

"ఇకనుంచి సున్నాకు రెండు సంతకాలు. ఒకటి చెబితే నమ్మం, రెండూ కలిసి చెబితేనే నమ్ముతాం అని యంత్రాలకి రూలు పెట్టి, మనిషికి పెట్టకపోవడం నా తప్పోయ్. నాక్కూడా ఒక వరసుంది ఇందులో." అని తన పేరు కూడా రాసి, 'నాదే' అన్నాడు. అది మిల్కోకు తిట్టుకన్నా ఎక్కువగా తగిలింది.

వాస్కొత్తో ఎక్కడెక్కడికో ఉత్తరాలు రాసి ఓర్సోలా గడువు డిసెంబరు దాకా పొడిగించాడు. ఉపసంహరణ ఉత్తరం ఆమె మళ్ళీ రాసింది, ఈసారి ఉన్నది ఉన్నట్టు. మిల్కో పేరు రెండోసారి అచ్చయింది. దానికి ఎవరూ పటం కట్టించలేదు. విడిచి కట్టిన తీగల మీద ఇరవయ్యారు రోజులు లెక్కపెట్టాక, గ్రాఫ్ మధ్యలో చీమలపుట్టంత శిఖరం లేచింది. నిజమైనది అంతే ఉంటుంది. దాని గురించి రాసిన వ్యాసం చివర మిల్కో తన పేరు కోసం వెతకలేదు. వెతక్కుండానే లేదని తెలిసింది, అదే సబబనిపించింది, అయినా గుండెల్లో కలుక్కుమంది. ఆ జనవరిలో ఓర్సోలాను అక్కడే ఉద్యోగంలోకి తీసుకున్నారు. మళ్ళీ బాబాయ్ అనడానికి ఆమెకు ఏడాదిన్నర పట్టింది.

కొత్తగా చేరినవాళ్ళు మొదటిరోజు పుస్తకం తిరగేసి తప్పకుండా ఒక మాట అడుగుతారు. అన్నిటికీ ఒక సంతకమే ఉంది, సున్నాకు మాత్రం రెండెందుకని. వాస్కొత్తో వినపడనట్టు ఉంటాడు. ఓర్సోలా కిటికీలోంచి బయటికి చూస్తుంది. చెప్పాల్సింది మిల్కోనే.

"నా వల్ల" అంటాడు. ఆ నవంబరు పేజీ తీసి చూపిస్తాడు. ఇన్నేళ్ళయినా చెవులు ఎర్రబడతాయి. తరవాత పరీక్ష పెట్టి, గంటసేపు చూసి, సున్నా వేసి సంతకం చేస్తాడు. నిన్నగాక మొన్న చేరినవాళ్ళ చేతికి పెన్ను ఇస్తాడు. వాళ్ళు యంత్రం దగ్గరికి వెళ్ళి, ఆయన సున్నా నిజమేనా అని సరిచూసుకుని వచ్చి సంతకం పెట్టేదాకా పక్కనే నిలబడి ఉంటాడు.